విజిల్ రాని వంట

"ఇల్లు వెనక్కి తిప్పావా?"

ఆదివారం పొద్దున మా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఇదే. కాఫీ అడగడానికి ముందు, మొహం కడుక్కోవడానికి ముందు, ఒక్కోసారి కళ్ళు పూర్తిగా తెరవకముందే. కొత్తవాళ్ళెవరైనా వింటే, ఇల్లేమైనా పరుపా తిరగేసి వెయ్యడానికి అనుకుంటారు.

మా వీధి గుమ్మం పైన గోడలో ఒక పెద్ద గడియారం ఉంది. మా ఆయన తాతగారి తండ్రి పెట్టించాడు. ఆయన పోయిన కొన్నాళ్ళకే అదీ ఆగింది. ఊళ్ళో అందరూ మాది గడియారం ఇల్లు అంటారు కానీ, టైము మాత్రం ఎదురుగా ఉన్న మందుల షాపులోకి తొంగి చూసి తెలుసుకుంటారు. ఇంటిని సందర్శకులకి తెరిచిన కొత్తలో మా ఆయన ఆ గడియారం కేసి వేలు చూపించి, "ఆదివారం వచ్చేసరికి మన ఇల్లు ఆ ముల్లు ఆగిపోయిన రోజుకి వెళ్ళిపోవాలి. వచ్చినవాళ్ళకి ఈ కాలం వస్తువు ఒక్కటి కూడా కంటపడకూడదు" అన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ పనికి పేరు ఇల్లు వెనక్కి తిప్పడం. పేరు పెట్టింది ఆయన. తిప్పేది నేను.

తిప్పడం అంటే ఏమిటో చెప్తాను. ఫ్రిజ్ మీద పాత దుప్పటి కప్పి, దాని ముందుకి చెక్క బీరువా జరపాలి. ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు, చీపుళ్ళు, చెప్పులు, క్యాలెండరు, సెల్ ఛార్జర్లు, అత్తయ్య మందుల డబ్బా, నా మోకాళ్ళకి రాసుకునే ఆయింట్‌మెంటు అన్నీ ఏరి మెట్ల కింద కొట్లో పడెయ్యాలి. గ్యాసు పొయ్యి, సిలిండరు పెరట్లోకి ఈడ్చాలి. వాటి చోట, వంటగదిలో నేల మీదే ఉన్న కట్టెల పొయ్యిని కడిగి, దాని మీద రాగి డేగిసా ఒకటి పెట్టి, పక్కన నాలుగు కట్టెలు అందంగా సర్దాలి. కట్టెలు అందంగా ఎలా ఉంటాయని నన్నడక్కండి. ఒకసారి నేను సర్దింది చూసి, "ఏంటిది, చెత్తలా? ఫోటోలో ఎలా పడుతుంది?" అని మా ఆయన తనే వంగి ఒక కట్టెని రెండంగుళాలు జరిపాడు. జరిపి, నడుం పట్టుకుని, "అబ్బా, ఈ ఇంటికి ఎంత చాకిరీ చెయ్యాలో" అన్నాడు.

ఆ తర్వాత హాల్లో గచ్చుకి మైనం పట్టించి గుడ్డతో రుద్దాలి. మోకాళ్ళ మీద. డాక్టరుగారు నా మోకాళ్ళ ఎక్స్‌రే ఫోటో దీపం ముందు పెట్టి, "నేల మీద కూర్చోవడం, వంగి పని చెయ్యడం ఇక మానెయ్యాలమ్మా" అన్నప్పుడు నేను ఆయన మొహంలోకి చూసి నవ్వాను. ఆయన కూడా నవ్వాడు, ఏదో సంతోషంగా ఒప్పుకున్నాననుకుని. బయటికొచ్చాక మా ఆయన, "డాక్టర్లంతే. అన్నీ మానెయ్యమంటారు. మానేస్తే ఇల్లెలా గడుస్తుందో వాళ్ళనొచ్చి చెప్పమను" అన్నాడు. ఇల్లు గడవడం సంగతి ఆయన ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు, వాళ్ళెవరో వచ్చి గడిపిపోతున్నట్టు.

ఇదంతా అయ్యేసరికి మొదటి గుంపు గుమ్మం దగ్గర ఉంటుంది. అప్పుడు ఇంట్లో మిగిలిన ఆఖరి కొత్త వస్తువుని నేను. నన్ను కూడా తీసెయ్యాలి.

అత్తయ్యని తియ్యక్కర్లేదు. అత్తయ్య ఇంటికి సరిపోతుంది. ఆవిణ్ణి కిటికీ పక్కన చెక్కిన కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద పాత శాలువా కప్పి, చేతిలో విసనకర్ర పెడతాం. వచ్చినవాళ్ళు ఆవిడ పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటారు. "బామ్మగారూ, ఆ రోజుల్లో ఎలా ఉండేదండీ?" అంటే, "మహారాణిలా ఉండేదాన్నమ్మా" అంటుంది. ఆవిడ కళ్ళు రెండూ ఎర్రగా నీరు కారుతుంటాయి. పాత రోజులు తలుచుకుని ఏడుస్తోందనుకుని వాళ్ళూ కళ్ళు తుడుచుకుంటారు. అది ఏడుపు కాదు. ఆ వంటగదిలో ముప్పై నలభై ఏళ్ళు పీల్చిన పొగ. ఒకసారి మందు చుక్కలు వేస్తుంటే తనే అంది నాతో, "పొగకి నేను అలవాటు పడిపోయానే. ఈ కళ్ళే ఎందుకో పడలేదు" అని. నేను గబుక్కున, "అందుకే కదత్తయ్యా, నేను గట్టు అడుగుతున్నది" అన్నాను. వెంటనే ఆవిడ మొహం అత్తగారి మొహం అయిపోయింది. "మేం వండలేదా? మాకు మోకాళ్ళు లేవా?" అంది.

నేనడిగింది రాజమహలు కాదు. నిలబడి వండుకోవడానికి వంటగదిలో ఒక గట్టు. నిలబడి అంట్లు తోముకోవడానికి ఒక సింకు. పొగ, ఆవిరి పోవడానికి ఒక కిటికీ. ఊళ్ళో ఇప్పుడు కూలిపని చేసుకునేవాళ్ళ ఇళ్ళల్లో కూడా ఉన్నాయి ఇవి. కాపురానికొచ్చిన కొత్తలో అడిగితే, "అప్పుడేనా? ఇంకా ఇల్లు చూడనైనా లేదు, మార్చేస్తుందట" అన్నారు. మామగారు ఉన్నన్నాళ్ళూ, ఆయనకి గోల పడదన్నారు. ఆయన పోయాక, ఏడాది తిరక్కుండా గోడలు కొడతారా అన్నారు. ఆ తర్వాత ఎవరో పెద్దమనిషి మా ఇల్లు చూసి, "ఇలాంటి కట్టడం చుట్టుపక్కల ఎక్కడా లేదండీ, దీన్ని కాపాడుకోవాలి" అని ఒక్క మాట అనేసి వెళ్ళిపోయాడు. ఆయన ఎవరో, ఎక్కడుంటాడో నాకు తెలీదు. తెలిస్తే వెళ్ళి రెండు మాటలు అడిగేదాన్ని. ఆ రోజుతో మా ఆయనకి తన ఇల్లు తనకి కొత్తగా కనపడింది. ఆ రోజుతో నా గట్టు నేరమైపోయింది. ఆ గోడలో మేకు కొట్టకూడదు. ఆ నేల తవ్వకూడదు. "ఇది మన ఇల్లు కాదే, చరిత్ర" అనేవాడు. చరిత్రకి ఆకలి వెయ్యదు కాబట్టి సరిపోయింది. చరిత్రలో ఉండే మనుషులకి మాత్రం మూడు పూటలా వేస్తుంది.

అన్నట్టు ఆయన గదికి ఏసీ ఉంది. అది చరిత్రకి అడ్డం రాదు, ఎందుకంటే ఆ గది తలుపు మీద "ఆఫీసు" అని రాసి ఉంటుంది.

అప్పట్లో నేను బజారు వీధిలో కళ్ళద్దాల షాపులో పని చేసేదాన్ని. పెద్ద పనేం కాదు. అద్దాలు తుడిచి పెట్టడం, వచ్చినవాళ్ళ మొహానికి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పడం. కానీ ఆ షాపులో ఒక ఎత్తు కుర్చీ ఉండేది, గ్లాసు బల్ల వెనకాల. నాది. దాని మీద నేను కూర్చుంటే ఎదుటి మనిషి నిలబడి నాతో మాట్లాడేవాడు. ఇల్లు సందర్శకులకి తెరుస్తున్నాం అనుకున్నప్పుడు మా ఆయన, "ఊళ్ళోవాళ్ళ అద్దాలు తుడిచే బదులు మనింటి అద్దాలు తుడుచుకుంటే పోలా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన ముఖ్యమైన మాటలన్నీ నవ్వుతూనే అంటాడు, తర్వాత మనం నొచ్చుకుంటే తప్పు మనదవ్వడానికి వీలుగా. మానేశాను. ఇప్పుడు మా ఇంట్లో కిటికీ అద్దాలన్నీ ధగధగలాడుతుంటాయి. నాకు కూర్చోవడానికి కుర్చీ లేదు. ఉన్న కుర్చీలన్నిటికీ తాళ్ళు కట్టేశాం, ఎవరూ కూర్చోకుండా.

మొదట్లో నేను సందర్శకుల మధ్యే తిరుగుతుండేదాన్ని. ఏదో నీళ్ళడిగితే ఇవ్వడం, పిల్లలు గోడల మీద రాయకుండా చూడటం. "అమ్మా, కొంచెం పక్కకి జరుగుతారా, ఫోటోలో పడుతున్నారు" అనేవారు. జరిగేదాన్ని. ఒకాయన హాల్లో గచ్చు చూసి మెచ్చుకుని, నన్ను చూపించి మా ఆయనతో, "మంచి పనిమనిషి దొరికిందండీ మీకు. ఈ రోజుల్లో ఇలా తుడిచేవాళ్ళెక్కడున్నారు?" అన్నాడు. నేను మా ఆయన మొహం చూశాను. ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆగి, "అవునండీ, నమ్మకమైన మనిషి" అన్నాడు. అని, స్తంభాల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. రాత్రి అడిగితే, "ఏం చెప్పమంటావు? మధ్యలో ఆపి, ఈవిడ నా భార్యండీ అని పరిచయం చేస్తే కథ తెగిపోదూ?" అన్నాడు.

ఆ వారం నుంచి నేను మెట్ల కింద కొట్లోకి మారాను. ఎవరూ పొమ్మనలేదు. మా ఇంట్లో ఎవరూ ఏదీ చెయ్యమని అనరు. చెయ్యకపోతే ఎలా అంటారు, అంతే.

కొట్లో ఒక ప్లగ్గుంది. అక్కడ కరెంటు పొయ్యి పెట్టుకుని, ఒక పీట వేసుకుని ఆదివారం వంట చేస్తాను. ముందే వండి పెట్టొచ్చు కదా అంటారేమో. ముందంతా ఇల్లు వెనక్కి తిప్పడంతోనే సరిపోతుంది. ఆఖరి గుంపు గుమ్మం దాటగానే మా ఆయనకి వేడివేడిగా కంచం ముందుండాలి. "గొంతు చించుకుని వచ్చాను, చల్లటి మెతుకులు పెడతావా?" అంటాడు. కొట్లో లైటు వెయ్యకూడదు, తలుపు సందుల్లోంచి వెలుగు బయటికి పడుతుంది. పొయ్యి మీద ఉన్న ఎర్ర చుక్కే నాకు దీపం. ఇంటి నేల అటువైపు వాలు కాబట్టి ఆ తలుపు నిలవదు, దానంతటదే తెరుచుకుంటుంది. లోపల గడియ లేదు. అందుకని మా ఆయన బయట గడియ పెడతాడు. కోపంతో కాదు, కుట్రతో కాదు. తలుపు నిలవదు కాబట్టి. మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఒకసారి సెలవులకొచ్చి ఇది చూసి, "అమ్మా, లోపల నీకేమన్నా అయితే?" అంది. వాళ్ళ నాన్న పకపకా నవ్వి, "ఏమవుతుందే? వంట అవుతుంది" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక విజిల్ సంగతి. మొదటి నెలలో ఒకరోజు బడిపిల్లలు వచ్చారు. మా ఆయన వాళ్ళని హాల్లో కూర్చోబెట్టి, "కళ్ళు మూసుకోండి. ఇప్పుడు మీరు నూరేళ్ళ వెనక్కి వెళ్ళిపోయారు. ఏం వినపడుతోంది?" అన్నాడు. నా కుక్కర్ వినపడింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ మధ్యాహ్నం మా ఆయన కంచం ముందు కూర్చుని, ఒక్క ముద్ద కూడా ముట్టుకోకుండా, "నా పరువు తీశావు" అన్నాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. కంచం అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. ఆ వదిలేసిన కంచం కూడా నేనే తీశాను.

అప్పట్నుంచి విజిల్ రాకుండా వండటం నేర్చుకున్నాను. చేత్తో గరిటె పట్టుకుని కుక్కర్ ముందు కూర్చోవాలి. వెయిటు కింద ఆవిరి గునుస్తుంది. ముందు సన్నగా, పసిబిడ్డ నిద్రలో మూలిగినట్టు. తర్వాత వెయిటు వణుకుతుంది. ఆ వణుకు ఒకలా ఉన్నప్పుడు ఇంకా టైముంది, ఇంకోలా ఉన్నప్పుడు లేదు. సరిగ్గా అరవబోయే ముందు గరిటె కాడతో దాన్ని కాస్త లేపాలి. సుయ్యిమని ఆవిరి పోతుంది, మొహం మీదికి. మళ్ళీ దించాలి. మళ్ళీ కాచుకోవాలి. అలా ఎన్నిసార్లు లేపితే పప్పు ఉడికినట్టో చేతికి తెలుస్తుంది. ఆవిరికి నా కుడి చెయ్యి మణికట్టు దగ్గర రంగు మారింది. చీకట్లో కూర్చుని, అరవబోయే దాని నోరు నొక్కుతూ ఉంటే, ఒక్కోసారి నేను నా పిల్లని జో కొడుతున్నానా, గొంతు పిసుకుతున్నానా అని భయమేసేది.

ఇంతకాలం దేనికోసం ఓర్చుకున్నానంటే, ఒక మాట కోసం. ఇది కాపాడాల్సిన కట్టడం అని గుమ్మానికి బోర్డు ఇచ్చే పాత కట్టడాల కమిటీ మా ఇల్లు చూడటానికి వస్తుందని తెలిసిన రోజు మా ఆయన గాల్లో తేలుతున్నాడు. ఆ ఊపులో పెరట్లోకి నన్ను పిలిచి, సుద్దముక్క తీసుకుని రాతి పలకల మీద ఒక పెద్ద నలుచదరం గీశాడు. "బోర్డు రానీ. బోర్డు వచ్చాక ఇక్కడ నీకు వంటగది. విడిగా. నీ ఇష్టం వచ్చినట్టు కట్టుకో" అన్నాడు. నేను సుద్దముక్క ఆయన చేతిలోంచి తీసుకుని, లోపల గట్టు గీశాను. సింకు గీశాను. కిటికీ పడమర వైపు పెట్టాను. అటు పక్కింటివాళ్ళ దానిమ్మ చెట్టు కనపడుతుంది. వాన వస్తే గీతలు పోయేవి. ఇటుక ముక్కతో మళ్ళీ దిద్దేదాన్ని. బట్టలారేసుకునేటప్పుడు కూడా ఆ గీతలు తొక్కకుండా, తలుపు పెట్టిన చోటునుంచే లోపలికి వెళ్ళేదాన్ని. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. అనుకోనీ. గట్టు ఎంత ఎత్తు ఉండాలో కూడా నాకు తెలుసు. గోడకి ఆనుకుని నిలబడి, మోచెయ్యి మడిచి, గుర్తు పెట్టుకున్నాను.

ఆ బోర్డు వస్తే ఇల్లు వారమంతా తెరిచి ఉంచాలి. అంటే వారమంతా వెనక్కి తిప్పాలి. అంటే వంటగది రాకపోతే, రోజూ నేను ఆ కొట్లోనే. ఇది నేను ఆయనతో అన్నాను కూడా. "మాటిచ్చానుగా" అన్నాడు. "నామీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

కమిటీ వచ్చింది. చెప్పిన టైముకంటే ముందే వచ్చింది. నేను కుక్కర్ పట్టుకుని కొట్టు దగ్గరికి వెళ్తున్నాను. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి, "వచ్చేశారు, వచ్చేశారు. పద పద, లోపలికి" అని కోళ్ళని గంప కింద తోసినట్టు తోశాడు. గడియ పడింది.

తలుపు సందులోంచి నాకు హాల్లో సగమే కనపడుతుంది. అత్తయ్య కుర్చీ, దాని వెనక కిటికీ. కమిటీ అంటే ఇద్దరే. ఒక ముసలి ఆఫీసరు, టేపు పట్టుకుని కొలతలు తీసే ఒక ఇంజనీరమ్మ. మా ఆయన మొదలుపెట్టాడు. స్తంభాల కర్ర ఎక్కణ్ణుంచి వచ్చింది, గచ్చులో ఏం కలిపారు, తాతగారి తండ్రి గడియారం కోసం ఎంత దూరం వెళ్ళాడు. నాకన్నీ కంఠతా వచ్చు. ఎక్కడ ఆగి నిట్టూరుస్తాడో కూడా తెలుసు. "ఈ గచ్చు చూడండి, అద్దం. పాతవాళ్ళ చేతి మహిమ" అన్నాడు. నేను చీకట్లో నా చేతులు చూసుకున్నాను. కనపడలేదు.

వెయిటు కింద ఆవిరి గునుస్తోంది. గరిటె కాడతో లేపాను. దించాను.

వంటగది చూసొచ్చారు. ఆఫీసరు సరిగ్గా కొట్టు తలుపు ముందు నిలబడ్డాడు. ఆయన చెప్పులు కింది సందులోంచి కనపడుతున్నాయి. "ఒకటి అడగాలండీ, రూలు కాబట్టి" అన్నాడు, విసుగ్గా. "బోర్డు పెట్టాక ఈ ప్రహరీ లోపల కొత్త ఇటుక ఒక్కటి పడకూడదు. కాకపోతే కుటుంబం కాపురముంటున్న ఇళ్ళకి ఒక వెసులుబాటుంది. వెనకవైపు, వీధిలోంచి కనపడకుండా, ఒక వంటగది కట్టుకోవచ్చు. కావాలంటే ఇప్పుడే చెప్పాలి. తర్వాత మీరు కోర్టుకెళ్ళినా కుదరదు."

నేను నవ్వాను. నిజంగా, ఆ చీకట్లో, ఒక్కదాన్నే నవ్వుకున్నాను. దానిమ్మ చెట్టు కనపడింది నాకు.

"అది కడితే మరి బోర్డు...?" మా ఆయన గొంతు.

"బోర్డు వస్తుంది. రెండో తరగతి వస్తుంది. ఏ మార్పూ లేకపోతేనే మొదటి తరగతి."

మా ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం నాకు తెలుసు. పనిమనిషి అన్నరోజున కూడా ఇంతే ఆగాడు.

"అబ్బే, అక్కర్లేదండీ" అన్నాడు. "మా ఆవిడకి ఆ కట్టెల పొయ్యంటే ప్రాణం. గ్యాసు పొయ్యి కొనిస్తానన్నా వద్దంటుంది. రుచి రాదంటుంది."

"అదృష్టవంతులు" అన్నాడు ఆఫీసరు. "ఏదీ, ఆవిడ కనపడరే?"

"పుట్టింటికెళ్ళింది."

మా పుట్టిల్లు అమ్మేసి చాలా కాలమైంది. దాని చోట ఇప్పుడు టైర్ల షాపుంది. నేను టైర్ల షాపుకి వెళ్ళానన్నమాట. నాకు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. కోపం కూడా, వస్తుందనుకున్నంత రాలేదు. ఒక్కటే అనిపించింది. ఈయన అబద్ధమాడుతున్నాననైనా అనుకోవడం లేదు. ఆయన చెప్పే కథలో నేను ఎప్పుడూ ఆ కట్టెల పొయ్యి ముందే కూర్చుని ఉన్నాను, సంతోషంగా. ఇక్కడ పీట మీద కూర్చున్నది ఎవరో ఆయనకి నిజంగానే తెలీదు. ఇన్నాళ్ళూ నేను ఆయన మాట నిలబెట్టుకుంటాడా లేదా అని చూశాను. మాట ఇచ్చింది ఎవరికో చూసుకోలేదు.

వెయిటు వణుకుతోంది. చెయ్యి అలవాటు కొద్దీ గరిటె పట్టుకుని ముందుకి వెళ్ళింది. కాడ వెయిటు కింద పెట్టాను. పెట్టి, ఆగాను. చేతికి ఆవిరి తగులుతోంది. బయట ఆఫీసరు సంచీలోంచి కాగితాలు తీస్తున్న చప్పుడు.

గరిటె తీసి కింద పెట్టాను.

కుక్కర్ అరిచింది. అంత చిన్న కొట్లో, ఇన్నేళ్ళ తర్వాత, చెవులు చిల్లులు పడేలా అరిచింది. మెట్ల చెక్కలు కూడా అదిరినట్టనిపించింది. నా ఒళ్ళంతా చెమట పట్టింది, దొంగతనం చేసినట్టు.

"ఏమిటది?" అంది ఇంజనీరమ్మ.

"పక్కింట్లోనండీ" అన్నాడు మా ఆయన. "పాత గోడలు కదా, చప్పుళ్ళు తెలిసిపోతుంటాయి. ఇలా రండి, మీకు మేడ మీద..."

రెండోది వచ్చింది. మొదటిదానికంటే పొడుగ్గా.

అప్పుడు కుర్చీలోంచి అత్తయ్య విసనకర్ర ఊపడం ఆపింది. ఆవిడకి సరిగా కనపడదు గానీ చెవులు పాము చెవులు. "పక్కిల్లేమిట్రా?" అంది. "అది మా కోడలండీ."

"అమ్మా, నువ్వూరుకో."

"ఊరుకోవడానికి నేనేమన్నా కుక్కర్నా? మెట్ల కింద వంట చేస్తోందండీ. వారం వారం అక్కడే చేస్తుంది. మంచిపిల్ల. విజిల్ కూడా రానివ్వదు పాపం. ఇవాళ ఎందుకో వదిలేసింది."

ఆవిడ అమాయకంగా అందో, తెలిసే అందో నాకు ఇప్పటికీ తెలీదు. అడగను కూడా.

తలుపు మీద ఎవరో వేళ్ళతో తట్టారు. "లోపల ఎవరైనా ఉన్నారా?" ఇంజనీరమ్మ గొంతు.

"ఉన్నానండీ" అన్నాను. ఎంత మామూలుగా వచ్చిందో ఆ మాట! "గడియ మీవైపే ఉంది. మీరే తియ్యాలి."

గడియ తీసిన చప్పుడు. తలుపు దానంతటదే తెరుచుకుంది, ఎప్పటిలాగే. వేడిగాలి ముందు బయటికెళ్ళింది, తర్వాత నేను. మోకాలు పట్టేసి వెంటనే నిలబడలేకపోయాను. ఇంజనీరమ్మ చెయ్యి అందించింది. ఆవిడ నా భుజం మీదుగా లోపలికి చూస్తోంది. బకెట్లు, చీపుళ్ళు, చెప్పులు, ఈ నెల క్యాలెండరు, మందుల డబ్బా, ఎర్ర చుక్క, పీట. మా ఇల్లంతా అందులోనే ఉంది.

మా ఆయన నవ్వుతున్నాడు. "ఇంకా వెళ్ళలేదా నువ్వు? బస్సు దొరకలేదా?" అన్నాడు. ఆ నవ్వు చూస్తే జాలేసింది. ఆ మనిషికి ఇంకా కథ అతికించొచ్చనే ఆశ ఉంది.

నేను ఆఫీసరు వైపు తిరిగాను. "ఇదండీ మా వంటగది. వెనకాల గీతలు గీసి ఉన్నాయి, చూపిస్తాను. అక్కడ ఒకటి కావాలి."

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఫ్రేము ఆయన మొహానికి అస్సలు నప్పలేదు. ఇబ్బందిగా మా ఆయన కేసి, నా కేసి చూసి, "అదేనమ్మా... యజమాని అక్కర్లేదన్నారు. నేను యజమాని మాటే రాసుకోవాలి. మీరూ మీరూ మాట్లాడుకుని..." అన్నాడు.

ఏళ్ళ తరబడి మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆ సంగతి ఆయనకెలా తెలుస్తుంది?

"అలాగే రాసుకోండి" అన్నాను. "ఆయనకి అక్కర్లేదు. ఆ కట్టెల పొయ్యంటే ప్రాణం కూడా ఆయనకే. రేపట్నుంచి ఈ ఇంట్లో వంట ఆయనే చేసుకుంటారు. నేను నిలబడి వండగలిగే చోటు వచ్చేదాకా నేను వండను. ఇల్లు తిప్పను. రాసుకోవడానికి అందులో చోటుంటే ఇదీ రాసుకోండి, లేకపోతే పోనీండి. చెప్పానని గుర్తుంటే చాలు."

"పిచ్చిపిచ్చిగా మాట్లాడకు, మనుషుల ముందు" అన్నాడు మా ఆయన పళ్ళ మధ్య నుంచి.

అత్తయ్య మళ్ళీ విసనకర్ర ఊపుకోవడం మొదలుపెట్టింది. ఇంజనీరమ్మ టేపు బొత్తం నొక్కింది, అది సర్రుమని లోపలికి పోయింది. "పెరడు ఎటువైపండీ?" అని అడిగింది, ఎవర్నీ కాదన్నట్టు.

మూడో విజిల్ వచ్చింది. అందరం ఉలిక్కిపడ్డాం. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు రాకముందే కదిలింది నేను. ఇప్పుడు కదల్లేదు.

"ఏమండీ" అన్నాను. "పప్పు మాడిపోతుంది. వెళ్ళి స్విచ్చి కట్టెయ్యండి."

మా ఆయన నన్ను చూశాడు. ఆఫీసర్ని చూశాడు. కుక్కర్ ఆగడం లేదు. వేరే దారి లేక, తల వంచి, నడుం వంచి, ఆ చీకటి కొట్లోకి దూరాడు. లోపల దేనికో కాలు తగిలి బకెట్టు దొర్లింది. "ఎక్కడే స్విచ్చి? ఏం కనపడి చస్తోంది ఇక్కడ?" అని అరిచాడు.

తలుపు చెక్క నా భుజానికి ఆని ఉంది. గడియ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. పెట్టలేదు. కానీ లోపలున్న మనిషికి అది ఎక్కడుందో తెలియాలని, ఒకసారి కదిపి చప్పుడు చేశాను.